మాగురా రిమ్ బ్రేకు పిస్టన్ పట్టేస్తే: శుభ్రం చేయాలా, ఆయిల్ మార్చాలా, సిలిండరే మార్చాలా?

జర్మనీలో సెకండ్‌హ్యాండ్ ట్రెక్కింగ్ సైకిల్ కొని రోజూ యూనివర్సిటీకో ఆఫీసుకో తొక్కే మనవాళ్లకు మొదటి చలికాలం గడిచేసరికి ఎదురయ్యే సమస్య ఒకటుంది. సైకిల్ బరువుగా కదులుతుంది. ముందు చక్రం దగ్గర ఆగకుండా సన్నటి రాపిడి శబ్దం. దిగి వంగి చూస్తే ఎడమ ప్యాడ్ చక్కగా వెనక్కి జరిగి ఉంటుంది, కుడి ప్యాడ్ మాత్రం రిమ్‌ను అంటుకునే ఉంటుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది. మళ్లీ బ్రేకు వేసి వదిలితే మళ్లీ అక్కడే ఆగిపోతుంది.

మీ బ్రేకులో తీగ బదులు సన్నటి నల్ల గొట్టం ఉండి, లివర్ మీద మాగురా హెచ్‌ఎస్ 11 అనో హెచ్‌ఎస్ 33 అనో ఉంటే, అది హైడ్రాలిక్ రిమ్ బ్రేకు. పట్టేసింది దాని పిస్టన్. ఇప్పుడు మీ ముందు అరడజను దారులున్నాయి: బిగింపు సరిచేయడం, పిస్టన్ శుభ్రం చేయడం, ఆయిల్ మార్చడం, ఒక్క సిలిండర్ మార్చడం, బ్రేకు సెట్టు మొత్తం మార్చడం, లేదంటే దీన్ని తీసేసి తీగతో పనిచేసే మామూలు వీ-బ్రేకు పెట్టడం. వీటిలో దేనికి డబ్బు పెట్టాలి, దేనికి పెట్టక్కర్లేదు అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

ఒక మాట ముందే చెబుతాను. బ్రేకు అనగానే అందరూ మొదట బ్లీడింగ్ దగ్గరికే పరుగెడతారు, అంటే పాత ఆయిల్, గాలి తీసి కొత్త ఆయిల్ ఎక్కించడం. ఒక పక్క పిస్టన్ పట్టేసిన సందర్భాల్లో బ్లీడింగ్ వల్ల నయమైనవి నేను చాలా తక్కువ చూశాను. నా సైకిల్‌కే మొదటి ఏడాది రెండుసార్లు బ్లీడింగ్ చేశాను. రెండు శనివారాలు పోయాయి, ఆయిల్ పోయింది, రాపిడి మాత్రం పోలేదు. చివరికి తేలిందేమిటంటే అంతకుముందు సర్వీసు చేసిన షాపులో సిలిండర్‌ను పట్టుకునే క్లాంప్ బోల్టును విపరీతంగా బిగించేశారు. అర చుట్టు వదులు చేయగానే పిస్టన్ టక్కున వెనక్కి వెళ్లింది.

అసలు లోపల ఏముంది

మాగురా కంపెనీది నైరుతి జర్మనీలోని బాద్ ఉరాఖ్ అనే చిన్న ఊరు. గుస్తావ్ మాగెన్‌వియర్ట్ 1893లో పెట్టిన సంస్థ అది. ఆయన ఇంటిపేరులోని మొదటి అక్షరాలు, ఊరి పేరులోని మొదటి అక్షరాలు కలిపితే మాగురా. 1987లో హైడ్రో స్టాప్ పేరుతో సైకిళ్లకు హైడ్రాలిక్ రిమ్ బ్రేకు తెచ్చారు. హెచ్‌ఎస్ అన్న రెండక్షరాలు అక్కడినుంచి వచ్చినవే. డిస్క్ బ్రేకులు మామూలైపోయేదాకా మంచి ట్రెక్కింగ్ సైకిళ్ల మీద ఇవే ఉండేవి. అందుకే ఇప్పటి పాత సైకిళ్ల అంగడిలో ఇవి ఇంతగా కనిపిస్తాయి.

దీని పని తీరు తేలిక. లివర్ నొక్కితే అక్కడున్న పిస్టన్ ఆయిల్‌ను తోస్తుంది. ఆ ఆయిల్ గొట్టంలోంచి వచ్చి చక్రానికి ఒక పక్కనున్న సిలిండర్‌లోకి, అక్కడినుంచి టైరు మీదుగా వెళ్లే చిన్న గొట్టం ద్వారా రెండో పక్క సిలిండర్‌లోకి చేరుతుంది. రెండు పిస్టన్లూ ప్యాడ్లను రిమ్ మీదికి నెడతాయి. లివర్ వదిలితే సిలిండర్ లోపలున్న స్ప్రింగులు పిస్టన్లను వెనక్కి లాగుతాయి.

మోటార్‌సైకిల్ డిస్క్ బ్రేకుకూ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. ఇందులో ఆయిల్ డబ్బా ఉండదు. మొత్తం మూసేసిన వ్యవస్థ. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ తనంతట తాను ముందుకు వచ్చి సర్దుకోదు. లివర్ దగ్గరున్న అడ్జస్టర్ మనమే తిప్పాలి. హెచ్‌ఎస్ 33లో అది వేలితో తిప్పే చక్రం, హెచ్‌ఎస్ 11లో అలెన్ కీతో తిప్పే చిన్న స్క్రూ. దాన్ని లోపలికి తిప్పినకొద్దీ కాస్త ఆయిల్ కిందికి పోయి, పిస్టన్లు రెండూ శాశ్వతంగా కొంచెం బయటికి వచ్చి నిలుస్తాయి.

పిస్టన్ పట్టేయడానికి అసలు మూలం ఇక్కడే ఉంది. ప్యాడ్ అరిగింది, మీరు అడ్జస్టర్ తిప్పారు, పిస్టన్ రెండు మూడు మిల్లీమీటర్లు బయటే ఉండిపోయింది. ఆ బయట ఉన్న భాగం మీద చలికాలమంతా రోడ్డు మీద చల్లిన ఉప్పు, నీళ్లు, రిమ్ నుంచి రాలిన అల్యూమినియం పొడి, ప్యాడ్ పొడి కలిసి పేస్టులా పేరుకుంటాయి. వసంతంలో కొత్త ప్యాడ్లు వేస్తారు. అడ్జస్టర్‌ను పూర్తిగా వెనక్కి తిప్పుతారు. ఆ మురికి అంటిన భాగం ఇప్పుడు సీల్ (ఆయిల్ కారకుండా పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు) లోపలికి వెళ్లాలి. వెళ్లదు, వెళ్లినా గరగరలాడుతూ వెళుతుంది. స్ప్రింగుకు దాన్ని లాగేంత బలం చాలదు. "కొత్త ప్యాడ్లు వేశాకే ఈ తంటా మొదలైంది" అని ఎవరైనా అన్నారంటే, నేను ఇంకేమీ అడగను. ప్యాడ్ల తప్పు కాదు, వేసే ముందు పిస్టన్ తుడవకపోవడం.

ముందు రోగం తేల్చుకోండి

పది నిమిషాల పని ఇది. చేయకుండా ఏ దారీ ఎంచుకోవద్దు.

మొదట చక్రం చూడండి. రిమ్ ఫోర్కుకు సరిగ్గా మధ్యలో ఉందా? చక్రం ఒక పక్కకు జరిగి బిగుసుకున్నా, కాస్త వంకర ఉన్నా ఒక ప్యాడ్ రాసుకుంటుంది. దానికి పిస్టన్‌ను తప్పుపట్టి లాభం లేదు. చక్రం వదులు చేసి, సైకిల్ నేలమీద నిలబెట్టి మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. చక్రం తీయడానికి వీలుగా ఒక పక్క సిలిండర్‌కు క్విక్ రిలీజ్ ఉంటే, అది పూర్తిగా మూసుకుందో లేదో కూడా చూడండి.

తర్వాత లివర్. వదిలినప్పుడు లివరే నెమ్మదిగా, బద్ధకంగా వెనక్కి వస్తోందా? రెండు ప్యాడ్లూ ఆలస్యంగా వెనక్కి పోతున్నాయా? అయితే సమస్య పై భాగంలో ఉంది, లేదా ఆయిల్ ఎక్కువ నింపారు, లేదా అడ్జస్టర్ మరీ లోపలికి తిప్పి ఉంది. లివర్ చురుగ్గా వస్తూ, ఒక్క ప్యాడే ఆగిపోతుంటే ఆ పక్క సిలిండర్‌ను అనుమానించాలి.

ఇప్పుడు క్లాంప్. పట్టేసిన సిలిండర్‌ను ఒక చేత్తో పట్టుకుని, దాన్ని బిగించిన బోల్టును అర చుట్టు వదలండి. లివర్ నొక్కొద్దు. పిస్టన్ తనంతట తాను వెనక్కి జారిందంటే రోగం దొరికినట్టే. సిలిండర్ గోడ పలచన. క్లాంప్‌ను అతిగా బిగిస్తే గుండ్రటి గొట్టం నలిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, అందులో పిస్టన్ ఇరుక్కుంటుంది.

క్లాంప్ వదిలినా కదలకపోతే మళ్లీ సరిగ్గా బిగించి, ప్యాడ్లు రెండూ ఊడదీయండి. చాలా మోడళ్లలో చేత్తో లాగితే వచ్చేస్తాయి. బాగా కదిలే పిస్టన్‌కూ రిమ్‌కూ మధ్య ఒక చెక్క ముక్క పెట్టి అది కదలకుండా ఆపండి. లివర్‌ను నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే నొక్కండి. ఆయిల్‌కు వేరే దారి లేదు కాబట్టి పట్టేసిన పిస్టన్ బయటికి రావాలి. వచ్చి, లివర్ వదిలాక ఎంతసేపటికి వెనక్కి వెళుతుందో గమనించండి. నెమ్మదిగానైనా పూర్తిగా వెళితే మురికి. సగంలో ఒకే చోట ఆగిపోతుంటే లోపల గీతో తుప్పో. దాని అంచు చుట్టూ ఆయిల్ తడి కనిపిస్తే సీల్ పోయింది.

బిగింపు సరిచేయడం

ఇది పైసా ఖర్చు లేని దారి, అందుకే మొదటిది. క్లాంప్ బోల్టుకు 6 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. టార్క్ రెంచ్ లేనివాళ్లు అలెన్ కీ పొట్టి వైపు పట్టుకుని బిగిస్తే ఇంచుమించు ఆ లెక్కలోనే ఉంటారు. పొడవు వైపు పట్టుకుని ఒళ్లంతా వేసి బిగించడమే ప్రమాదం. బిగించే ముందు సిలిండర్ రిమ్‌కు నేరుగా చూస్తోందో లేదో చూసుకోండి, ఎందుకంటే వంకరగా కూర్చున్న సిలిండర్‌లో పిస్టన్ మీద పక్క ఒత్తిడి పడుతుంది. ప్యాడ్‌కూ రిమ్‌కూ మధ్య రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల దూరం ఉంచండి. మరీ దగ్గర పెట్టుకుంటే పిస్టన్ బాగున్నా రాసుకుంటుంది.

ఎన్నో ఏళ్లు నలిగి ఉన్న సిలిండర్ వదులు చేసినా పాత ఆకారానికి రాకపోవచ్చు. అలాంటిదానికి మందు లేదు, మార్చాల్సిందే.

శుభ్రం చేయడం: పదింట తొమ్మిదిసార్లు నేను ఎంచుకునేది

క్లాంప్ బాగుంటే, లీకు లేకుంటే, ఇదే చేయండి. కావాల్సినవి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లలు, పాత బనీను గుడ్డ, ఒకట్రెండు చుక్కల బ్రేకు ఆయిల్. జర్మనీలో ఆల్కహాల్ మందుల షాపులో దొరుకుతుంది, మన దగ్గర కూడా అంతే.

నా సైకిల్‌కు చేసినప్పటి సంగతి చెబుతాను. ప్యాడ్ ఊడదీసి, రెండో పిస్టన్‌ను చెక్కతో ఆపి, లివర్‌ను కొద్దిగా నొక్కితే పట్టేసిన పిస్టన్ ఓ నాలుగు మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. దాని చుట్టూ బూడిదరంగు ఉంగరంలా ఒక పట్టీ. గోటితో గీకితే ముద్దలా వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరుకు. దూది పుల్లను ఆల్కహాల్‌లో ముంచి పిస్టన్ చుట్టూ తిప్పాను. మొదటి పుల్ల బొగ్గులా నల్లబడింది, రెండోది నల్లబడింది, ఐదో పుల్ల దగ్గరికి వచ్చేసరికి లేత బూడిదరంగులోకి దిగింది. కింది భాగంలోనే మురికి ఎక్కువ. నీళ్లు దిగి అక్కడే నిలుస్తాయి కాబట్టి ఆ చోటు మీద ఓపిక పెట్టాలి. సైకిల్‌ను తలకిందులు చేస్తే బాగా కనబడుతుంది.

ఆల్కహాల్ పూర్తిగా ఆరాక, శుభ్రమైన దూది పుల్లతో ఒక్క చుక్క బ్రేకు ఆయిల్ తీసుకుని పిస్టన్ చుట్టూ పలచగా రాశాను. వేలితో లోపలికి నెట్టడం, లివర్‌తో బయటికి తేవడం, మళ్లీ నెట్టడం. పదిహేను ఇరవైసార్లు ఇలా చేయాలి. మొదట్లో ప్రతిసారీ పిస్టన్ మీద సన్నటి నల్ల గీత కనిపిస్తుంది, సీల్ అంచున దాక్కున్న మురికి అది. తుడవాలి, మళ్లీ చుక్క రాయాలి. గీత రావడం ఆగిపోయి, వేలు వాడకుండానే పిస్టన్ వెనక్కి వెళుతుందంటే పని అయిపోయింది. మిగిలిన ఆయిల్ తడిని తుడిచేయండి, లేకపోతే దానికి కొత్త దుమ్ము అంటుకుంటుంది. రిమ్‌ను ఆల్కహాల్‌తో తుడిచాకే ప్యాడ్లు వేయండి. ప్యాడ్‌కు ఆయిల్ బాగా అంటుకుంటే దాన్ని పారేయడమే మంచిది. ప్రాణం నిలబెట్టేది ఆ రబ్బరు ముక్కే.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవొద్దు. పిస్టన్‌ను బయటికి తెచ్చేటప్పుడు రిమ్‌కు ఇవతలే ఆగేలా ఏదో ఒకటి అడ్డం పెట్టుకోండి, మరీ దూరం తెస్తే సీల్ దాటిపోయి ఆయిల్ కారుతుంది. ఇక డబ్ల్యూడీ-40, పెట్రోలు, కిరోసిన్, స్ప్రే డబ్బాలో వచ్చే బ్రేక్ క్లీనర్ సీల్ దగ్గరికి రానివ్వొద్దు. ఆ క్షణానికి పిస్టన్ నూనె రాసినట్టు జారుతుంది, సీల్ మాత్రం పాడవుతుంది. గ్రీజు కూడా వద్దు, అది దుమ్మును పట్టి ఉంచుతుంది.

శ్రమ తప్ప దీనికి ఖర్చు లేదు. ఏడాదికి ఒకసారి, ప్యాడ్లు మార్చే రోజునే చేస్తే పట్టేయడం అన్న మాటే రాదు.

ఆయిల్ మార్చడం ఎప్పుడు దండగ, ఎప్పుడు అవసరం

ఒక పిస్టన్ పట్టేసి రెండోది బాగుంటే, లివర్ గట్టిగా ఉంటే, బ్లీడింగ్ వద్దు. రెండు సిలిండర్లలోనూ ఉన్నది ఒకే ఆయిల్, ఒకే ఒత్తిడి. ఆయిల్‌లో లోపముంటే రెండిటికీ ఉండాలి కదా.

కానీ లివర్ స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు నొక్కితే గట్టిపడుతుంటే లోపల గాలి ఉంది. అప్పుడు బ్లీడింగ్ తప్పదు. రెండు ప్యాడ్లూ వెనక్కి రావడానికి బద్ధకిస్తుంటే, అడ్జస్టర్ పూర్తిగా వెనక్కి తిప్పినా లాభం లేకపోతే, ఎవరో అడ్జస్టర్ లోపల ఉండగా ఆయిల్ నింపి ఉంటారు. మూసిన వ్యవస్థలో ఎక్కువైన ఆయిల్‌కు పోయే చోటు లేదు, అందుకని పిస్టన్లు ఎప్పుడూ కొంచెం బయటే నిలుస్తాయి. అలాంటప్పుడు కూడా బ్లీడింగే మందు. మొదలుపెట్టే ముందు అడ్జస్టర్‌ను పూర్తిగా బయటికి తిప్పాలి. ఆయిల్‌ను కింద సిలిండర్ దగ్గరి రంధ్రం నుంచి సిరంజితో పైకి ఎక్కించాలి, గాలి బుడగలు పైకే పోతాయి కాబట్టి.

తీసిన ఆయిల్ రంగు తప్పకుండా చూడండి. మాగురా వాళ్ల ఆయిల్ పేరు రాయల్ బ్లడ్, రంగు నీలం. పలచటి నీలం వస్తే అంతా సవ్యం. మురికి నీళ్లలా వస్తే మార్చడం మంచిదే. ఎర్రగా వస్తే ఎవరో షిమానో మినరల్ ఆయిల్ పోశారు. పసుపుగా, ఘాటైన వాసనతో వస్తే మాత్రం భయపడాలి, అది కారు, మోటార్‌సైకిళ్ల డాట్ బ్రేక్ ఫ్లూయిడ్ అయి ఉండవచ్చు. ఈ బ్రేకు సీళ్లు మినరల్ ఆయిల్‌కు తగినవి. డాట్ ఫ్లూయిడ్ తగిలితే అవి ఉబ్బుతాయి. ఉబ్బిన సీల్ పిస్టన్‌ను పట్టేస్తుంది, అదీ రెండు పక్కలా, పైన లివర్‌లో కూడా. కడిగి కొత్త ఆయిల్ పోసినా ఉబ్బిన సీల్ మామూలుకు రాదు. మొత్తం బ్రేకు మార్చాల్సి వస్తుంది.

మన ఊళ్లకు ఇలాంటి సైకిల్ తెచ్చుకున్నవాళ్లకు, ఇక్కడే కొనుక్కున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీధి చివరి బైక్ మెకానిక్‌ను బ్రేక్ ఆయిల్ అడిగితే ఇచ్చేది డాట్ 3 లేదా డాట్ 4. అతని తప్పేం లేదు, మోటార్‌సైకిల్‌కు అదే సరైనది. అడగకముందే చెప్పుకోవాల్సింది మనం. బ్లీడింగ్ కిట్‌తో పాటు వచ్చే చిన్న సీసా ఒకటి సంచిలో వేసుకుని తెచ్చుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది. కంపెనీ చెప్పేది తన ఆయిలే వాడమని. షిమానో మినరల్ ఆయిల్‌తో నడిపేవాళ్లు ఉన్నారు, నేనైతే సీసా తెప్పించుకోగలిగినంత కాలం కంపెనీ మాటే వింటాను.

ట్రయల్స్ ఆటలో బండరాళ్ల మీద గెంతేవాళ్లు కొందరు ఈ బ్రేకుల్లో ఆయిల్ బదులు నీళ్లు నింపుతారు, గొట్టంలో నీళ్లు తేలిగ్గా పారతాయి, లివర్ చురుగ్గా ఉంటుందని. వాళ్లు తరచూ విప్పి చూసుకుంటారు. గడ్డకట్టే చలిలో రోజూ తిరిగే సైకిల్‌కు అది పనికిరాదు.

ఒక్క సిలిండర్ మార్చడం

శుభ్రం చేసినా సగంలో ఆగిపోతోంది, లేదా ఆయిల్ తడి కనిపిస్తోంది. అప్పుడు చాలామందికి సిలిండర్ విప్పి సీల్ మాత్రమే మార్చాలనిపిస్తుంది. విప్పినవాళ్లు ఉన్నారు, బాగుచేసుకున్నవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం వద్దంటాను. ఇది వంటింటి మిక్సీ కాదు, కొండ దిగేటప్పుడు ఆపాల్సిన వస్తువు. కొలత సరిపోని రబ్బరు రింగు మొదటి వారం బాగానే పనిచేసి, అత్యవసరంగా గట్టిగా బ్రేకు నొక్కిన రోజున వదిలేస్తే ఏమిటి పరిస్థితి?

సిలిండర్ విడిగా దొరుకుతుంది. కొనేముందు మీ బ్రేకు మోడల్, గొట్టం ఎటువైపు నుంచి వచ్చి కలుస్తుంది, అది లివర్ గొట్టం వచ్చే సిలిండరా లేక అవతలిదా అన్నవి ఫోటో తీసి పెట్టుకోండి. మార్చాక బ్లీడింగ్ తప్పనిసరి కాబట్టి ఆ కిట్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. మిగతా బ్రేకు బాగుండి, లివర్ వదులుగా ఊగకుండా ఉంటే ఇది సరైన ఖర్చు.

రెండో సిలిండర్ వయసూ అంతే కదా, అది కూడా మార్చాలా అని అడుగుతారు. అది తడి లేకుండా, చురుగ్గా కదులుతుంటే ముట్టుకోవద్దు.

మొత్తం సెట్టు, లేదా వీ-బ్రేకు

ఒక సిలిండర్, కిట్, షాపులో చేయిస్తే కూలీ, ఇవన్నీ కలిపి చూస్తే కొత్త హెచ్‌ఎస్ సెట్టు ధరకు దగ్గరవుతుంటే, కొత్త సెట్టే తీసుకోండి. అందులో ఆయిల్ నింపే ఉంటుంది, బిగించుకుని గొట్టం పొడవు సరిచూసుకోవడమే. డాట్ ఫ్లూయిడ్ పోసిన బ్రేకుకు ఇదొక్కటే దారి. అయితే సైకిల్‌కు ఇంకెన్ని ఏళ్లున్నాయో కూడా చూడాలి. రిమ్ పక్క గోడ లోపలికి గుంటపడి అరిగిపోయి ఉంటే చక్రానికి కూడా ఆయువు తీరినట్టే. ఈ బ్రేకుల పట్టు బలమైనది, అరిగిన రిమ్‌ను పగలగొట్టగలదు. అలాంటి సైకిల్ మీద కొత్త బ్రేకు పెట్టే ముందు రిమ్ సంగతి తేల్చుకోండి.

వీ-బ్రేకుకు మారడం కొందరికి నిజంగా మంచిది. హెచ్‌ఎస్ బ్రేకులు చాలావరకు వీ-బ్రేకు కూర్చునే బాస్‌ల (ఫ్రేముకూ ఫోర్కుకూ ఉండే బిగింపు మొట్టల) మీదే బిగించి ఉంటాయి, కాబట్టి అవి తీసి ఇవి పెట్టవచ్చు. లివర్లూ మార్చాలి. ఫ్రేమ్ మీద తీగ కవచం ఆగే చోట్లు ఉన్నాయో లేదో చూడాలి, హైడ్రాలిక్ గొట్టం కోసమే చేసిన ఫ్రేములకు అవి ఉండకపోవచ్చు. ఫర్మ్‌టెక్ అనే రకం అయితే బిగింపు వేరుగా ఉంటుంది, ముందే అడగండి. ఏ ఊళ్లోనైనా తీగ దొరికి, ఏ మెకానిక్ అయినా బాగుచేయగలగాలి అనుకునేవాళ్లకు, మరీ ముఖ్యంగా సైకిల్‌ను ఇండియా తీసుకెళ్లేవాళ్లకు, నా ఓటు దీనికే. తీగ తెగితే పల్లెటూళ్లో కూడా దొరుకుతుంది, నీలం ఆయిల్ దొరకదు. రోజూ వానలో, బురదలో జర్మనీ వీధుల్లోనే తిరిగేవాళ్లకైతే హెచ్‌ఎస్‌నే కాపాడుకోమంటాను. తీగ తుప్పు పట్టడం, కవచంలో గడ్డకట్టడం దీనికి లేవు. ప్యాడ్లు మార్చడం అయితే ఐదు నిమిషాల పని.

డిస్క్ బ్రేకుకు మారదామంటే ఫ్రేముకూ ఫోర్కుకూ వాటిని బిగించే చోటు ఉండాలి. లేకపోతే ఆ ఆలోచన వదిలేయండి.

రోడ్ సైకిళ్ల మీద కూడా కొన్నాళ్లు హైడ్రాలిక్ రిమ్ బ్రేకులు వచ్చాయి. 2012 నాటి సెర్వెలో పీ5 మీద మాగురా ఆర్‌టీ8 ఉండేది. శ్రామ్ కంపెనీ 2013లో ఒకటి తెచ్చి, గడ్డకట్టే చలిలో సీళ్లు పనిచేయడం లేదని తేలాక అదే డిసెంబరులో వెనక్కి పిలిపించుకుంది. పాత సైకిల్‌తో అలాంటిది మీ చేతికి వస్తే, శుభ్రం చేసి చూద్దాం అనుకోకుండా, ఆ రీకాల్‌లో మార్చినదేనా అన్నది ముందు తేల్చుకోండి.

ఎవరితో చేయించాలి

క్లాంప్, శుభ్రం చేయడం ఇంట్లోనే. బ్లీడింగ్ మొదటిసారి ఒంటరిగా చేయొద్దు. జర్మనీలో చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి సంఘాలు నడిపే సైకిల్ వర్క్‌షాపులు ఉంటాయి. మన పని మనమే చేసుకోవాలి, పనిముట్లు వాళ్లిస్తారు, పక్కన తెలిసినవాళ్లు నిలబడి చెబుతారు. భాష సరిగ్గా రాదని మొహమాటపడకండి, పిస్టన్ చూపించి చేత్తో సైగ చేసినా అర్థమవుతుంది. మా బంధువుల అబ్బాయి ఒకడు మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్తలో అక్కడికే వెళ్లి నేర్చుకున్నాడు, ఇప్పుడు వాళ్ల హాస్టల్లో సగం సైకిళ్లకు వాడే డాక్టరు.

షాపులో ఇచ్చేటప్పుడు "బ్రేకు బాగుచేయండి" అని వదిలేయకండి. అలా అంటే బ్లీడింగ్ చేసి బిల్లు వేసే అవకాశమే ఎక్కువ. "కుడి సిలిండర్ పిస్టన్ వెనక్కి రావట్లేదు, క్లాంప్ వదిలి చూశాను, శుభ్రం చేశాను, తగ్గలేదు" అని చెప్పండి. అప్పుడు వాళ్లు నేరుగా సిలిండర్ దగ్గరికే వెళతారు.

పని అయ్యేదాకా ఆ బ్రేకు తీసేసి ఒక్క వెనక బ్రేకుతో తిరగడం మాత్రం వద్దు. జర్మనీ రోడ్డు నిబంధనల ప్రకారం సైకిల్‌కు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బ్రేకులు ఉండాల్సిందే. పైగా గట్టిగా ఆపేది ముందు బ్రేకే. రెండు రోజులు ట్రామ్ ఎక్కండి.

ఇంకా సైకిల్ కొనని వాళ్లకు: అమ్మేవాళ్ల ఇంటి ముందు నిలబడి నాలుగు విషయాలు చూడండి. లివర్ నొక్కి వదిలి, రెండు ప్యాడ్లూ ఒకేసారి వెనక్కి వెళుతున్నాయా అని ముందు చక్రానికి, వెనక చక్రానికి విడివిడిగా చూడండి. ప్యాడ్ మీద గాడులు ఇంకా కనిపిస్తున్నాయా, అవి చెరిగిపోతే కొత్త ప్యాడ్లు కొనాలి, అంటే మురికి పిస్టన్ లోపలికి వెళ్లే రోజు దగ్గరపడినట్టే. అడ్జస్టర్ ఎంత లోపలికి తిప్పి ఉందో అడిగి తిప్పి చూడండి. సిలిండర్ వెనక, గొట్టం కలిసే చోట వేలు పెట్టి రుద్దండి. వేలికి నూనె అంటితే ధరలో ఒక సిలిండర్, ఒక కిట్ ఖర్చు తగ్గించమని అడగండి. పొడి మురికి మాత్రమే అంటితే ఏమీ అనకుండా కొనేసుకోండి, అది ఒక సాయంత్రం పని.